పచ్చి గోడలు

పొగడ్త వినబడితే అనసూర్య మేడమ్‌కు చెవులకంటే ముందు కళ్ళు పనిచేస్తాయి. ఈ మనిషి ఎందుకు పొగుడుతున్నాడు, ఏం దాచుకుని పొగుడుతున్నాడు అని చూస్తుంది. అందుకే నెలాఖరున జిల్లా మలేరియా అధికారిగా రిటైర్ కాబోతున్న తనకు ఆసిఫాబాద్‌లో ఘనంగా సన్మానం చేస్తామని స్టాఫంతా కట్టగట్టుకుని వచ్చి చెప్పినప్పుడు ఆమెకు సంతోషం కలగలేదు. ఎదురుగా నిలబడ్డవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. ఆమె చేతి మెమో అందుకోని మనిషి ఆ గదిలో లేడు. అలాంటివాళ్ళంతా ఒక్కటై శాలువా కప్పుతామంటున్నారంటే దాని వెనక ఏదో ఉండి తీరాలి.

"మీరు ఊ అనుండ్రి మేడమ్. హాలు మాట్లాడినం. ఫ్లెక్సీ గూడ ఇచ్చినం," అన్నాడు కరుణాకర్. అతను ఆమె కింద అసిస్టెంటు. ఒకటో తారీఖు నుంచి ఆ కుర్చీ అతనిదే.

"నన్ను అడగకముందే ఫ్లెక్సీ ఇచ్చిండ్రా?"

"అడిగితే వద్దంటరని ఎరుకే గద మేడమ్."

"ఏం రాసిండ్రు దాని మీద?"

"అలుపెరుగని ప్రజారోగ్య సేవకురాలు అని."

"అలుపు లేకుంటె మోకాళ్ళకు గీ పట్టీలెందుకు కట్టుకుంటున్న? గా మాట తీసెయ్యుండ్రి."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపు ఉందని ఆమెకు అనిపించింది. వాళ్ళు వెళ్ళిపోతుంటే కరుణాకర్ వెనకబడి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇగ ఊర్లు తిరుగుడు బంద్ పెట్టుండ్రి మేడమ్. ఆఖరి దినాలు, జర రెస్టు తీసుకోండ్రి. నేను చూసుకుంట."

అతను మంచికే అన్నాడేమో. కానీ ఫలానా ఊరికి ఇప్పుడు రావొద్దు మేడమ్ అని ఎవరన్నా, ఆమె సర్వీసులో అక్కడ ఏదో ఒకటి బయటపడకుండా లేదు. కరుణాకర్ మెట్లు దిగిన చప్పుడు వినిపించగానే లేచి సంచి భుజాన వేసుకుని డ్రైవర్ హనుమండ్లును పిలిచింది.

"బండి తియ్యి."

"ఏడికి మేడమ్?"

"ఎక్కినంక చెప్త."

హనుమండ్లు నవ్వుకున్నాడు. ఊరి పేరు ముందే చెబితే జీపుకంటే ముందు ఫోను చేరుతుందని ఆమె నమ్మకం. వాగు దాటేదాకా చెప్పలేదు. దాటాక "దేవులగూడ" అంది.

దేవులగూడ గోండుల ఊరు. అడవిని ఆనుకుని ఉంటుంది. వానలు పడ్డాయంటే ఆ ఇళ్ళలోంచే ముందు జ్వరాలు మొదలవుతాయి. పోయిన వారమే అక్కడ దోమల మందు కొట్టడం పూర్తయిందని రిపోర్టు వచ్చింది. రిపోర్టులతో ఆమెకు పని లేదు. మందు కొట్టామన్న ఇంటికి వెళ్ళి గోడను అరచేత్తో తుడుస్తుంది. పిండి అద్దినట్టు సన్నటి తెల్లపొడి చేతికి అంటితే కొట్టినట్టు, లేకపోతే లేదు. ఆ పొడి గోడ మీద నిలిచినంత కాలం వాలిన దోమ చస్తుంది. ఈలోగా ఎవరైనా గోడను మట్టితో అలికినా, సున్నం వేసినా పొడి కింద పూడిపోతుంది, కొట్టిన మందంతా దండగ. అందుకే కొట్టిన ప్రతి ఇంటికీ, వానలు పోయేదాకా అలకొద్దు తల్లీ అని చెప్పిస్తుంది. ఆమె వెనక జనం 'గోడల మేడమ్' అంటారని ఆమెకు తెలుసు. అది తిట్టో మెప్పో ఎప్పుడూ ఆరా తీయలేదు.

జీపు ఊళ్ళోకి రాగానే పచ్చిసున్నం వాసన కొట్టింది. అనసూర్య చెయ్యెత్తి బండి ఆపించింది. మొదటి ఇల్లు ఎర్రమట్టితో నున్నగా అలికి ఉంది. రెండోదీ అంతే. ఊరు ఊరంతా అంతే. గోడల అడుగున తెల్లటి అంచు తీర్చారు, చూరు కింద మసి కూడా దులిపి పూశారు. దగ్గర్లో ఉన్న ఇంట్లోకి గబగబా వెళ్ళి లోపలి గోడ మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తడిగా, ఎర్రగా తిరిగి వచ్చింది. తడి ఆరేదాకా గోకి చూసినా కింది పొడి తెలియదు.

ఆమెను చూసి ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలమ్మ అయ్యో అన్నట్టు చెంపలు వేసుకుని లోపలికి పరుగెత్తింది. మడావి జంగుబాయి మోచేతుల దాకా సున్నంతో ఉన్న చేతులను వెనక్కి దాచుకుంది. ఆ ఊళ్ళో జ్వరం వచ్చినవాళ్ళ రక్తపు చుక్క తీయించడానికి ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చేది ఈ జంగుబాయే. ఆమె కూడా దాస్తోంది. అనసూర్య నేరుగా ఆమె దగ్గరికే నడిచింది.

"ఏం పండుగ జంగుబాయి?"

"ఏం లేదు బాయీ. ఉత్తగనే."

"ఉత్తగ ఊరంత అలుకుతరా? ఎవలు అలకమన్నరు?"

జంగుబాయి ఊరిపెద్ద ఆత్రం లచ్చుపటేల్ వైపు చూసింది. పటేల్ అప్పుడే రుమాలు సర్దుకుంటూ వస్తున్నాడు.

"మా దేవుళ్ళ పండుగున్నది బాయీ," అన్నాడు.

"అఖాడి పండుగకు ఇంక దినాలున్నయి పటేల్. గిప్పుడు మీకు ఏ పండుగ లేదు. నాకెరుక లేదా?"

పటేల్ తల గోక్కుని నవ్వాడు. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు.

అనసూర్య నవ్వలేదు. చాలా ఏళ్ళ కింద, ఇంకో గుట్ట మీది ఊళ్ళో, మందు కొట్టే బ్యాచి ఒకటి ఆ మందును వాగులో గుమ్మరించి, ఆమె చేతికి దొరక్కుండా ఊరివాళ్ళతో గోడలు అలికించింది. అప్పుడూ పండుగ అనే చెప్పారు. అప్పుడామె నమ్మి తిరిగొచ్చింది. ఆ వానాకాలం ఆ ఊరి నుంచి ఒక ఆడపిల్లను జ్వరంతో జీపులో తెస్తుంటే, పిల్ల తల ఆమె ఒళ్ళోనే వాలిపోయింది. ఆ తర్వాత ఆమె ఎవరి మాటా నమ్మలేదు.

ఆ ఏరియా స్ప్రే సూపర్‌వైజర్ ఎబినేజర్‌కు ఫోన్ చేయించింది. పక్క ఊళ్ళో పని మీదున్నవాడు బండి మీద వచ్చాడు. చొక్కా నిండా మందు మరకలు. కాంట్రాక్టు మనిషి, పర్మినెంట్ చేసేవాళ్ళ వరసలో ఈసారి అతని పేరు ఉంది. వచ్చీ రాగానే గోడల వంక చూసి, ఆమె వంక చూసి, బండి స్టాండు వేయడం కూడా మర్చిపోయి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ మందు కొట్టినవా ఎబినేజర్?"

"కొట్టినం మేడమ్. ప్రతి ఇల్లు. నేను ఎంటుండి కొట్టించిన."

"మరి గిదేంది?"

"కొట్టినంక అలికిండ్రు."

"నువ్వేం జేస్తున్నవు?"

"వద్దన్న మేడమ్. ఇనలే."

"ఎందుకలికిండ్రు?"

ఎబినేజర్ పటేల్ వైపు చూశాడు. పటేల్ తల అడ్డంగా ఊపాడు. చాలా కొంచెం, కానీ అనసూర్య చూసింది.

"రెండొద్దులు ఆగుండ్రి మేడమ్," అన్నాడు ఎబినేజర్. "మీకే తెలుస్తది."

ఎల్లుండే ఆమె రిటైర్మెంటు. వినగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"రెండొద్దులైతే నేనుండ. గదే గదా నీ లెక్క?"

"అయ్యో, గట్ల కాదు మేడమ్."

"ఎట్లనో చెప్పు మరి."

"మాటిచ్చిన మేడమ్. నా నోటితోని చెప్పద్దు."

ఆమె చేతికంటిన ఎర్రమట్టిని కడుక్కోకుండానే జీపెక్కింది. వాగు దగ్గర హనుమండ్లు నోరు తెరిచాడు.

"పిలగాడు మంచోడే మేడమ్. అందరు గట్లనే అంటరు."

"మంచోడో కాదో గోడ చెప్తది హనుమండ్లూ. మనుషులు ఎన్నన్న చెప్తరు."

మర్నాడు పొద్దున్నే ఎబినేజర్‌ను పనిలోంచి తీసేయమని ఆర్డరు వేసింది. కరుణాకర్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"పోయే ముందర ఎందుకు మేడమ్? ఒక్కసారి విచారిస్తె..."

"ఏం విచారిస్తవు? కొట్టిన అంటడు. ఊరోళ్ళు అవునంటరు. నీకు గీ కుర్చీ ఇచ్చి పోతున్న కరుణాకర్, ఒక్కటి యాది పెట్టుకో. నోటిమాట నమ్మకు. చేతికి ఏమంటిందో గది నమ్ము."

అతను తల ఊపాడు. చదువుకునే పిల్లవాడు పాఠం ఒప్పుకున్నట్టు ఊపాడు.

పొద్దు వాలుతుండగా ఆమె క్వార్టర్ గేటు దగ్గరికి ప్రేమమ్మ వచ్చింది. ఎబినేజర్ తల్లి. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. లోపలికి రమ్మన్నా రాలేదు, గేటు ఊచ పట్టుకుని అక్కడే మాట్లాడింది.

"నా కొడుకు మందు కొట్టిండమ్మ. మూతి, చేతులు మంటలు లేసి పండుకోలేకపోయిండు. కొబ్బరినూనె నేనే రాసిన."

మందు చేతికి పడితే మంట పుడుతుందని అనసూర్యకు తెలుసు. ఇంకో ఊళ్ళో కొట్టినప్పుడు మండి ఉండొచ్చని కూడా తెలుసు.

"తల్లివి. నువ్వు గట్లనే అంటవు ప్రేమమ్మ."

"నువ్వు గిట్లనే అంటవని నాకు గూడ ఎరుకేనమ్మ. నువ్వు పోయేముందు ఒకమాట చెప్పుకుందమని వచ్చిన," అని ప్రేమమ్మ వెనక్కి తిరిగింది. కోపంగా అనలేదు. అది అనసూర్యకు అన్నం తినేదాకా గుచ్చుకుంటూనే ఉంది, అయినా ఆర్డరు మార్చలేదు.

సన్మానం అనుకున్నదానికంటే బాగా జరిగింది. ఫ్లెక్సీ మీద అలుపెరుగని అన్న మాట అలాగే ఉంది. ఒకాయన మైకు పట్టుకుని మేడమ్ మాకు అమ్మలాంటిది అన్నాడు. ఆ కొడుకును ఆమె సస్పెండ్ చేయించి పట్టుమని ఏడాది కాలేదు. ఇంకొకామె ఏడ్చింది. అనసూర్య శాలువా భుజాల మీద బిగుసుకుపోయి కూర్చుని, వీళ్ళకు నా నుంచి ఏం కావాలి అని వెతుకుతూనే ఉంది. ఏమీ దొరకలేదు. ఇచ్చేందుకు ఆమె దగ్గర ఇక ఏమీ మిగల్లేదు కూడా. సభకు ముందే చార్జి కాగితాల మీద సంతకాలు పెట్టేసి, తాళాలు కరుణాకర్ చేతిలో పెట్టింది. ఇంత చూసినా ఆమె మనసు ఒప్పుకోలేదు. పోతున్నందుకు సంతోషపడుతున్నారులే అని సరిపెట్టుకుంది.

జనం లేస్తుంటే ఆఖరి వరసలో తెల్లరుమాలు కనబడింది. లచ్చుపటేల్, పక్కన జంగుబాయి, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు. ఎబినేజర్ గురించి బతిమాలడానికి వచ్చారనుకుంది. మొహం గట్టి చేసుకుంది.

"ఇగ మా ఊరికి రావాలె బాయీ," అన్నాడు పటేల్. "బండి తెచ్చినం."

"ఎందుకు? ఎబినేజర్ ముచ్చటేనా?"

"ఆయనకేమైంది?" పటేల్ నిజంగానే బిత్తరపోయాడు. జంగుబాయి కూడా ఏంది ఏంది అంటూ ముందుకొచ్చింది. ఆ మొహాల్లో నటన కోసం అనసూర్య ఎంత వెతికినా దొరకలేదు. ఉద్యోగం సంగతి చెప్పకుండానే వాళ్ళ వెంట బయల్దేరింది.

ట్రాలీ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళింది. జీపు ఇప్పుడు ఆమెది కాదు. వాగు దాటుతుంటేనే డోలు వినిపించింది. ఊరి మొగదల జంగుబాయి ఇత్తడి చెంబుతో ఆమె కాళ్ళు కడిగింది. పిల్లలు మోదుగాకుల్లో పూలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. రెండు రోజుల కింద ఎర్రగా, తడిగా ఉన్న గోడలు ఇప్పుడు ఆరాయి. వాటి మీద సున్నంతో నెమళ్ళు, గుర్రాలు, డోలు కొట్టేవాళ్ళు. పటేల్ ఇంటి గోడ మీద, అందరికంటే పెద్దగా, ఒక ఆడమనిషి బొమ్మ. భుజాన సంచి, ముడి వేసిన జుట్టు, చెయ్యి చాపి గోడ తుడుస్తోంది.

"నువ్వే బాయీ," అంది జంగుబాయి మురిపెంగా. "నేనే ఏసిన."

అనసూర్య ఆ బొమ్మను చూసి, చుట్టూ ఉన్న గోడలన్నిటి వంకా చూసింది.

"గీ అలుకుడంత... నా కోసమా?"

"మరి? పెండ్లయినా, దేవుడొచ్చినా పాతగోడలు చూపెడ్తమా? నువ్వు పోతున్నవంటే ఊరంత కూసోని అనుకున్నం. ఎబినేజర్ సారు మస్తు లొల్లి వెట్టిండు బాయీ. అలికితే మందు పోతది, మేడమ్ తిడ్తది అన్నడు. నా చేతిల బకెటు గుంజుకున్నడు. మేమే ఇనలే. మేడమ్ మన మనిషి, ఒక్కపారికి ఏమనది అన్నం. నీకు ముందుగాల చెప్పొద్దని సారుతోని ఒట్టేయించుకున్నం."

డోలు మోగుతూనే ఉంది. ఆమెకు సిగ్గు అరికాళ్ళ నుంచి పైకి పాకింది. ఏ ఊరి గోడను కాపాడాలని ఇన్నాళ్ళు తిరిగిందో, ఆ ఊరు ఆమె మీది ప్రేమతోనే గోడలు పాడుచేసుకుంది. అడ్డుపడిన ఒక్క మనిషిని ఆమె తీసేసింది.

"ఎబినేజర్‌ను నౌకరిలకెళ్ళి తీసేసిన," అంది, అందరికీ వినబడేలా.

డోలు ఆగిపోయింది. అప్పుడు చూసింది, బోరింగు పక్కన ఎబినేజర్ ఉన్నాడు. ఊరివాళ్ళు పిలిచినందుకు వచ్చాడు. ఉద్యోగం పోయిన సంగతి వాళ్ళకు చెప్పనే లేదు.

అనసూర్య ఫోన్ తీసి కరుణాకర్‌కు చేసింది. జరిగిందంతా చెప్పింది. ఆర్డరు వెనక్కి తీసుకొమ్మంది.

"మీరు గిప్పుడు ఏడున్నరు మేడమ్? దేవులగూడల్నేనా?"

"ఔ."

"సన్మానం చేస్తున్నరా?"

"చేస్తున్నరు. ఐతే?"

"ఏమనుకోకుండ్రి మేడమ్. మొన్న దొంగలన్న ఊరు, గియ్యాల కాళ్ళు కడిగితే మంచోళ్ళయిండ్రా అని పైనోళ్ళు అడిగితే నేనేం చెప్పాలె? ఆయన కొట్టిన అంటడు, ఊరోళ్ళు అవునంటరు అని మీరే అంటిరి. నోటిమాట మీద నేనెట్ల తీసుకుంట? చేతికేమన్న అంటితే చెప్పుండ్రి."

ఆమె ఫోన్ పెట్టేసింది. కరుణాకర్ తప్పు మాట్లాడలేదు. ఆమె మాటలనే ఆమెకు అప్పజెప్పాడు. అవి ఇటువైపు నిలబడి వింటే ఎలా ఉంటాయో ఇన్నేళ్ళలో ఎప్పుడూ తెలియలేదు.

"ఒక కొడవలి ఇయ్యుండ్రి," అంది.

పటేల్ తెచ్చి ఇచ్చాడు. ఆమె తన బొమ్మ ఉన్న గోడ దగ్గరికే నడిచింది, ఎందుకంటే ఆ గోడకే పూత మందంగా ఉంది, పెళ్ళలుగా ఊడొస్తుంది. కొడవలి మొన ఆనించేసరికి పిల్లలు హో అని అరిచారు. ఆమె చెయ్యి ఆగింది.

"మంచిగ లేదా బాయీ?" అంది జంగుబాయి, గొంతు చిన్నబోయి.

"మస్తు మంచిగున్నది జంగుబాయి. నన్ను ఇంత మంచిగ ఎవలు గియ్యలే. కింద మందున్నదని చూపెడితేనే ఎబినేజర్‌కు నౌకరి వస్తది."

జంగుబాయి ఒకసారి ఎబినేజర్ వైపు చూసింది. తర్వాత ముందుకొచ్చి కొడవలి ఆమె చేతిలోంచి తీసుకుంది.

"నువ్వు సుట్టానివి. నువ్వు గోకద్దు. మేం ఏసినం, మేమే తీస్తం."

తను గీసిన చెయ్యినే ముందు గోకింది, తర్వాత సంచిని, తర్వాత ముడిని. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గడ్డపార, పార తెచ్చి పక్కగోడలు మొదలుపెట్టారు. ఎర్రమట్టి పెళ్ళలు పెళ్ళలుగా కింద పడింది. దాని కింద పాత నల్లగోడ, ఆ నల్లగోడ మీద కిందికీ మీదికీ జానెడు వెడల్పున తెల్లటి చారలు, పంపు పట్టుకున్న మనిషి ఓపిగ్గా నడిచిన దారిలాగా. ఒక చార పక్కన ఒకటి, ఎక్కడా ఖాళీ లేకుండా. అనసూర్య అరచెయ్యి పెట్టి తుడిచింది. చెయ్యి తెల్లబడింది.

ఫోటోలు తీసి కరుణాకర్‌కు పంపింది. వెంటనే జవాబు వచ్చింది. రేపు పొద్దున్నే ఆర్డరు రద్దు చేస్తానన్నాడు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. పటేల్ డోలువాళ్ళను మళ్ళీ కొట్టమన్నాడు, కానీ ఎవరూ అంత హుషారుగా కొట్టలేదు.

ఆమె బోరింగు దగ్గరికి వెళ్ళింది.

"గోడ చూసిన ఎబినేజర్. మంచిగ కొట్టినవు."

"చూసిండ్రు మేడమ్," అన్నాడతను. తనే మళ్ళీ అడిగాడు. "గోడ దొరక్కపోతే?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు మంచి అవకాశం. నమ్మేదాన్నే అనొచ్చు. అతనూ సంతోషపడేవాడు.

"నమ్మకపోయేదాన్ని," అంది. "తప్పు నాది. నీది కాదు. మీ అవ్వకు గూడ గదే చెప్త, ఇంటికొచ్చి."

అతను గోకిన గోడల వంక, ఇంకా గోకని గోడల వంక చూశాడు. పడమటి గుట్టల మీద మబ్బు కమ్ముకొస్తోంది.

"అంత మల్ల కొట్టాలె మేడమ్. గీ అలికినదాని మీదనే. వానలు జోరందుకుంటె జ్వరాలు మొదలైతయి. రేప్పొద్దుగాల పంపులు తెస్త."

"నేను గూడ వస్త."

"ఎందుకు మేడమ్, చూడనీకా?"

"చూడనీకి కాదు. గీ బోరింగు కాడికెళ్ళి మీకు నీళ్ళు మొయ్యాలె గద."

ఎబినేజర్ ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. నమ్మలేదు. ఎదుటి మనిషి మాట వెనక ఏముందో వెతికే ఆ చూపును ఆమె రోజూ పొద్దున అద్దంలో చూసుకునేది.